పదకొండో మనవి

జూన్ మొదటి వారంలో నా డ్యూటీ పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్న పనులు ఇవి.

మామా రయ్యాను రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. మడమల కింద దిండు మరవకూడదు.

జావలో చిక్కదనం పొడి కలపకుండా చెంచా ఆమె నోటి దగ్గరికి తీసుకెళ్ళకూడదు.

సూసన్ అక్క సెలవు నుంచి వచ్చేదాకా చార్టు నేనే వేయాలి. ఆదివారం పదింటిలోపు ఆఫీసుకు పంపాలి.

ఫ్లాట్‌లో ఏసీ నీళ్ళు కారుతోంది. ఖాదర్ భాయికి చెప్పాలి.

తమ్ముడు నోయెల్ ఆధార్ కార్డులో పేరు తప్పు పడింది. దిద్దించమని నాన్నకు ఫోన్ చేయాలి.

గురువారం సాయంత్రంలోపు ప్రార్థన మనవులు అందరినీ అడిగి, వరస నంబర్లు వేసి గ్రూపులో పెట్టాలి.

శనివారం పదింటికి అకెల్లోతో వెళ్ళాలి. ఎవరికీ చెప్పకూడదు.

చివరిది మాత్రం తర్వాత, జూలైలో, వేరే పెన్నుతో చేర్చింది. అన్నిటికీ టిక్కులున్నాయి. దానికి కూడా పెట్టాను. ఆ టిక్కు ఎలా పెట్టానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసేది ఇళ్ళకు నర్సుల్ని, కేర్‌గివర్లని పంపే ఒక చిన్న కంపెనీలో. ఒమన్‌లోని సీబ్‌లో కంపెనీ ఇచ్చిన ఫ్లాట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. నేను స్టాఫ్ నర్సుని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయా, ఆ ఆసుపత్రి నర్సుల తెల్ల యూనిఫాం చూసి నన్ను ఈ చదువుకు పంపింది. కేర్‌గివర్లు ఇద్దరు, రాజోలు నుంచి వచ్చిన తిరుపతమ్మ, ఉగాండా నుంచి వచ్చిన అకెల్లో. నాలుగో మంచం మా టీమ్ లీడర్ సూసన్ అక్కది. పదహారేళ్ళ సర్వీసు ఆమెది. నాకు ఇక్కడ ఉద్యోగం చూపించింది, మొదటి నెల వండి పెట్టింది ఆమే.

జూన్ వచ్చిందంటే గల్ఫ్‌లో లీవుల సీజన్. సూసన్ అక్క మూడు నెలలు నరసాపురం వెళ్తూ నాకు రెండు పుస్తకాలు అప్పజెప్పింది. ఒకటి డ్యూటీ రిజిస్టరు. రెండోది దార్సైట్‌లో మణికుమారి ఆంటీ ఇంట్లో జరిగే మా తెలుగు స్త్రీల ప్రార్థన కూటం మనవుల పుస్తకం. బీఎస్సీ చదివిన పిల్లవి, దస్తూరి బాగుంటుంది, రాసే పని నీదే అంది. నాకు గర్వంగానే అనిపించింది.

రిజిస్టరులో ప్రతి పేరు పక్కన అక్క పెన్సిల్‌తో చిన్న గుర్తులు రాసుకుంది. తిరుపతమ్మ పేరు పక్కన: నడుం నొప్పి, బరువు కేసులు వద్దు. నా పేరు పక్కన: మాట మెత్తన, కొత్త ఇళ్ళకు పంపొచ్చు. అకెల్లో పేరు పక్కన: గట్టి మనిషి, ఎత్తే కేసులు ఇవ్వొచ్చు, లీవు వాయిదా వేయొచ్చు.

అవి చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు. ఆ పెన్సిల్ ముక్కల్ని బట్టే చార్టులు వేశాను. అకెల్లో ఏప్రిల్‌లో అడిగిన లీవు జూన్‌కి జరిగింది, జూన్‌ది నేను సెప్టెంబరుకి జరిపాను. తిరుపతమ్మ నడుం పట్టేసిందంటే డాక్టరు దగ్గరికి పంపాను. అకెల్లో నడుం పట్టేసిందంటే రెండు పారాసిటమాల్ ఇచ్చాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా ఇంట్లో అందరికంటే నేనే నలుపు. చిన్నప్పటి నుంచి చుట్టాలు దాన్ని గుర్తుచేయని పండగ లేదు. అకెల్లో ఫ్లాట్‌లోకి వచ్చిన రోజు తిరుపతమ్మ నా చెవిలో, "పోన్లేమ్మా, ఇయ్యాల్టి నుంచి నువ్వే తెల్లదానివి" అంది. నేను కసిరాను. కసిరాను కానీ, లోపల ఎక్కడో తేలికపడ్డాను. ఆ తేలికను ఏ ప్రార్థనలోనూ ఒప్పుకోలేదు.

పొద్దున ఆరున్నరకి వ్యాను వచ్చేది. డ్రైవర్ ఖాదర్ భాయిది రాయచోటి. నోటికి ఎవరూ అడ్డు లేరు. అకెల్లో వ్యాను ఎక్కగానే, "లో, అకేలీ ఆ గయీ" అనేవాడు హిందీలో. మళ్ళీ నా వైపు తిరిగి, "ఒంటరిది వచ్చిండాది మేడం, తలుపు ఎయ్యండి" అనేవాడు. పేరు పలకడంలో మొదలైన తమాషా అది. కొన్నాళ్ళకు ఆఫీసులో కూడా అందరికీ అకేలీయే అయింది. చార్టులో తెలుగులో రాసుకునేటప్పుడు నేనూ అలాగే రాసేదాన్ని, ఒక ఒత్తు కలిసొస్తుందని.

అకెల్లో ఊరుకునేది కాదు. ఆమెకు పని హిందీ కొంచెం వచ్చు. "ఖాదర్ భాయ్, మీ ఇంటి నుంచి మీకొచ్చే ఫోన్లు రోజూ వింటున్నాను. అకేలీనే మేలు" అనేది. వ్యానంతా నవ్వులు. అందరికంటే గట్టిగా ఆమే నవ్వేది.

తెలుగులో ఆమె నేర్చుకున్న మాట ఒక్కటే, తిన్నావా. మేం ఒకరినొకరం రోజుకు పదిసార్లు అడగడం విని పట్టుకుంది. మామా రయ్యా ఇంట్లో వంటమనిషిని, ఫ్లాట్ వాచ్‌మన్‌ని, అందరినీ తిన్నావా అనేది.

మామా రయ్యా ఇల్లు సముద్రం వైపు. పక్షవాతంతో రెండేళ్ళుగా మంచంలో ఉన్న పెద్దావిడ, బరువైన మనిషి. జాంజిబార్‌లో పుట్టి, పెళ్ళి వయసులో ఒమన్ వచ్చింది. కూతుళ్ళతో అరబ్బీ మాట్లాడేది, నొప్పి వచ్చినప్పుడు మాత్రం స్వాహిలీలో మూలిగేది. అకెల్లో అంతకుముందు రెండేళ్ళు నైరోబీలో పనిచేసింది, ఆమెకు ఆ భాష వచ్చు. నేను ఇంజెక్షన్లు, డ్రెస్సింగు చూసుకుని మధ్యాహ్నానికి ఇంకో ఇంటికి వెళ్ళేదాన్ని. అకెల్లో ఏడు నుంచి ఏడు దాకా అక్కడే. ఆమె పక్క మారుస్తుంటే పెద్దావిడ ఏదో అనేది, ఈమె ఏదో అనేది, ఇద్దరూ కిసుక్కుమనేవాళ్ళు. నేను చార్టులో "రోగి ఉత్సాహంగా ఉంది" అని రాసేదాన్ని.

జూలై రెండో వారం. ఎండ ఎంతలా ఉందంటే ఇంటివాళ్ళు ఖర్జూరం గెలలకు కట్టిన సంచులు కూడా పొద్దున్నే చూసుకుని లోపలికి వచ్చేసేవాళ్ళు. నేను డ్రెస్సింగ్ ట్రే కడుగుదామని బట్టలుతికే గదికి వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల కుళాయి పారుతోంది. కాసేపు ఆగాను, ఇంకా పారుతోంది. తోసి చూస్తే అకెల్లో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉంది.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "నీళ్ళు వృథా అవుతున్నాయి" అని.

ఆమె చెయ్యి చాచి కుళాయి కట్టేసింది. అప్పుడు వినబడింది. ఆ శబ్దం బయటికి రాకూడదనే నీళ్ళు వదిలింది.

మార్చిలో వాళ్ళ అక్క అచెన్ చనిపోయిందట. మట్టి చేయడం ఇదే గదిలో, రెండు పక్కమార్పుల మధ్య, ఫోన్‌లో చూసిందట. అప్పటి నుంచి రోజూ పది నిమిషాలు ఇక్కడ కూర్చుని, మొహం కడుక్కుని పనిలోకి వెళ్తోంది. ఇప్పుడు పది నిమిషాలు సరిపోవడం లేదంది. పడుకుంటే నిద్ర రాదు, వస్తే లేవబుద్ధి కాదు. నేను నర్సుని కాబట్టి అడగాల్సిన ప్రశ్న అడిగాను, చచ్చిపోవాలనిపిస్తోందా అని.

"లేదు సిస్టర్. భయపడకు. అలసిపోయాను, అంతే. ఎక్కడ అలసిందో చెయ్యి పెట్టి చూపించలేను."

ఇంటికి చెప్పావా అన్నాను. చెప్పిందట. వాళ్ళమ్మ, నువ్వు గట్టిదానివి, నువ్వే ఇలా అంటే మేమేం కావాలి అందట.

"అందరూ అదే అంటారు. కాదని చెబితే ఎవరికీ నచ్చదు" అంది.

అల్ ఖువైర్‌లో ఒక క్లినిక్‌లో సూడాన్ దేశపు డాక్టరమ్మ ఉందనీ, మనసు బాగోలేనివాళ్ళను చూస్తుందనీ తనే కనుక్కుంది. ఒకసారి అక్కడిదాకా వెళ్ళి, మెట్లు ఎక్కలేక తిరిగొచ్చేసింది. మళ్ళీ శనివారం పదింటికి టైము ఇచ్చారు. ఆమె నన్ను అడిగింది ఇంతే.

"లోపలికి రానక్కర్లేదు. బయట కుర్చీలో నా పక్కన కూర్చో. నా పేరు పిలిచేదాకా. ఎవరికీ చెప్పకు, కంపెనీకి తెలిస్తే పనికిరాదంటారు."

చెప్పనని మాటిచ్చాను. ఆ సాయంత్రమే డ్యూటీ పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను.

గురువారం మనవుల కోసం అందరికీ ఫోన్లు చేశాను. ఒకరికి మోకాలి ఆపరేషన్, ఒకరి అబ్బాయికి వీసా, ఒకరి కోడలికి నెలలు నిండుతున్నాయి. పది అయ్యాయి. మా కూటంలో ఒక పద్ధతి ఉంది, రాసేవాళ్ళు కూడా తమ భారం ఒకటి చేర్చాలి. నేను ప్రతివారం ఖాళీగా వదిలేస్తున్నానని మణికుమారి ఆంటీ ఎత్తిపొడిచేది. ఆ రోజు నా గుండెల మీద నిజంగానే భారం ఉంది. పదకొండు వేసి, "మనోవేదనలో ఉన్న ఒక సహోదరి కొరకు" అని రాశాను. పేరు రాయలేదు కదా, మాట తప్పలేదు అనుకున్నాను.

ఆంటీకి ముందుగా పంపాలి, అదీ పద్ధతే. వెంటనే ఫోన్ చేసింది.

"వందనాలమ్మా. ఒక సహోదరి అంటే ఎవరు తల్లీ?"

పేరు వద్దన్నదండీ అన్నాను.

"దేవుడికి తెలుసులే. ప్రార్థించేవాళ్ళకి తెలియాలిగా. నర్సువి, నీకు నేను చెప్పాలా? చీటీ మీద పేరు లేకుండా మందు ఇస్తావా?"

ఇవ్వనండీ అన్నాను. నిజమే, ఇవ్వను. మూడేళ్ళుగా పేరు, పుట్టిన తేదీ సరిచూడకుండా నేను ఒక్క మాత్ర ఇవ్వలేదు. ఆ మాట నాకు ఎంత న్యాయంగా అనిపించిందంటే, ఆ పద్ధతి రోగి మేలు కోసం పెట్టింది అన్నది తోచనేలేదు.

దిద్ది రాశాను. "11. మా ఫ్లాట్‌లో ఉండే ఆఫ్రికా సహోదరి అకేలీ. డిప్రెషన్. నిద్ర లేదు, రహస్యంగా ఏడుస్తోంది. శనివారం మానసిక వైద్యుల దగ్గరికి వెళ్తోంది. ఆమె విడుదల కొరకు."

గ్రూపులో నలభై ఆరుగురు, సెలవులో ఉన్న సూసన్ అక్కతో కలిపి. ఆమెన్ అని, చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. వాటిని చూస్తుంటే ఆమెకు చేయవలసింది సగం చేసేసినట్టు ఉంది నాకు.

ఇక్కడ సెలవు రోజు శుక్రవారం, ఆ రోజు చర్చి అయ్యాక ఆంటీ మళ్ళీ పిలిచింది. రేపు ఉపవాస ప్రార్థన పెట్టాం, మనవులు నువ్వే చదవాలి, ఆ పిల్ల కోసం ప్రత్యేకంగా మోకరిద్దాం అంది. పదింటికే. నేను నాకు వేరే పని ఉందనలేకపోయాను. పెద్దవాళ్ళు పిలిస్తే కాదనడం మా ఇంట్లో నేర్పలేదు. ఆలోచించుకుని సమాధానపడ్డాను కూడా. అక్కడ ఒక కుర్చీలో ఊరికే కూర్చోవడం, ఇక్కడ ఇంతమంది ఆమె కోసం మోకాళ్ళ మీద ఉండడం, ఏది ఎక్కువ?

అకెల్లోకి మెసేజ్ పెట్టాను. డ్యూటీ పడింది, సారీ. నువ్వు ధైర్యంగా వెళ్ళు. యూ ఆర్ స్ట్రాంగ్.

ఓకే సిస్టర్ అని వచ్చింది.

దార్సైట్‌లో మణికుమారి ఆంటీ హాల్లో సోఫాలు గోడకు జరిపి తివాచీ పరిచారు. పద్దెనిమిది మంది వచ్చాం. నేను చదువుతున్నాను, వాళ్ళు ఒక్కో నంబరుకి ప్రార్థిస్తున్నారు. పదకొండు దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. అకెల్లోను ఎన్నడూ చూడని మనిషి. దురాత్మ బంధకాలు తెగిపోవాలని ఎవరో గట్టిగా అడిగారు. నేను రాసిన దాంట్లో దురాత్మ లేదు. నేను దిద్దలేదు.

ఒడిలో ఫోన్ కదిలింది. అకెల్లో ఇంగ్లీషులో రాసింది. మెట్ల దగ్గర ఉన్నాను. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఇంకో మాట. తిన్నావా?

ఫోన్ బోర్లా పెట్టి, నిన్న కొత్తగా చేరిన పన్నెండో మనవి చదివాను.

మర్నాడు వ్యానులో నేను ముందు సీట్లో కూర్చున్నాను. అకెల్లో ఆ రోజు ముందు ట్రిప్పులోనే వెళ్ళిపోయింది. ఖాదర్ భాయి తనంతట తనే అన్నాడు. "నిన్న ఆయమ్మను ఒక సోటికి తీసుకపోతి మేడం. కిందనే నిలబడిపోయింటే, బండి పక్కకు పెట్టి పైకి తోడు పోయినా. రెండు గంటలు కూచ్చుంటి."

ఎక్కడికి అని, తెలియనట్టు అడిగాను.

"యాడికని అడగద్దండి. ఎవురికీ సెప్పొద్దనింది. సెప్పను."

రోజూ ఆమె పేరుతో ఆటాడుకునే మనిషి. ఆమె వద్దన్న ఒక్క మాట చాలింది ఆయనకు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆ రాత్రి పుస్తకం తీసి చివరి పనికి టిక్కు పెట్టాను. ఆమె వెళ్ళింది కదా, పక్కన ఎవరో ఒకరు కూర్చున్నారు కదా. పని అయింది.

మంగళవారం రాత్రి డ్యూటీలయ్యాక ముగ్గురం ఫ్లాట్‌లో ఉన్నాం. అకెల్లో తనకిష్టమైన చిక్కుడు గింజల కూర వండుతానంది. మూడు నెలల తర్వాత పొయ్యి దగ్గరికి వచ్చింది. గింజలు కుక్కర్‌లో పెట్టి, ఉల్లిపాయలు తీసి, కత్తి కోసం చూసింది. సొరుగులో లేదు. గిన్నెల బుట్టలో లేదు. కత్తెర కూడా లేదు. తిరుపతమ్మను అడిగింది, నన్ను అడిగింది. మళ్ళీ సొరుగు తీసింది.

తిరుపతమ్మ నా వైపు చూసి తెలుగులో గొణిగింది. "బియ్యం డబ్బాలో పెట్టేను. సూసనక్క నరసాపురం నుంచి ఫోన్ చేసి, డిప్రెసన్ పిల్ల, కత్తులయ్యీ దాచెయ్యి అంది. నాకేటి తెలుసు, బయమేసింది."

అకెల్లోకి తెలుగు రాదు. కానీ ఆ వాక్యంలో సూసన్ అన్న పేరూ, డిప్రెషన్ అన్న మాటా ఏ భాషలోనైనా ఒకటే. సొరుగు మూసింది. నా వైపు చూసింది, ఎక్కువసేపు కాదు.

తర్వాత ఉల్లిపాయను చేత్తోనే వలిచి, రేకులు రేకులుగా విడదీసి మూకుడులో వేసింది. టమాటాలు గుప్పిట్లో చిదిమింది. కూర అయ్యాక మూడు పళ్ళేలు తీసి మూడింట్లో వడ్డించింది. మేం తిన్నాం. ఉల్లిపాయ రేకు పంటి కింద పచ్చిగా తగిలింది.

తిన్నావా అని ఆ రోజు నుంచి నన్ను అడగలేదు.

ఆ వారమే సూసన్ అక్క నాకు ఫోన్ చేసింది. కోపంగా కాదు, జాలిగా మాట్లాడింది. "పాపం దానికి విశ్రాంతి ఇద్దామమ్మా. మామా రయ్యా కేసు నుంచి తీసెయ్. ఆ ఇంటివాళ్ళకి రేపేదన్నా తెలిస్తే కంపెనీ పరువు పోద్ది." డాక్టరు పనికి వెళ్ళొద్దని చెప్పలేదనీ, మామా రయ్యాతో మాట్లాడే ఆ కాసేపే ఆమెకు బాగుంటోందనీ నేను అనగలిగి ఉండాలి. స్టాఫ్ నర్సుని, నా మాటకు విలువ ఉంది. సరే అక్కా అన్నాను. చార్టు మార్చాను.

ఏప్రిల్ నుంచి అడిగితే దొరకని విశ్రాంతి అలా దొరికింది. పది రోజులు ఖాళీగా ఆ ఫ్లాట్‌లో, గోడ వైపు తిరిగి. ఆఖరికి ఆఫీసువాళ్ళు ఆమెను దూరాన సలాలా దగ్గర రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీ ప్రథమ చికిత్స గదికి వేశారు. అక్కడ బరువులెత్తే పని ఉండదు, సలాలా వైపు ఇప్పుడు వానజల్లులు, చల్లగా ఉంటుంది అన్నారు. ఎవరూ ఆమెను అడగలేదు. కాగితం మీద స్టాఫ్ నర్సు సంతకం కావాలంటే నేనే చేశాను.

మామా రయ్యా దగ్గరికి కొత్త మనిషి వచ్చింది. పెద్దావిడ జావ మింగడం మానేసింది. పొద్దున నేను లోపలికి వెళ్ళగానే నా వెనక తలుపు వైపు చూసి, "యుకో వాపి?" అనేది. నొప్పి అనుకుని రెండు రోజులు మందు ఇచ్చాను. మూడో రోజు ఆమె కూతుర్ని అడిగితే చెప్పింది, "ఆ పిల్ల ఎక్కడుంది అంటోంది."

సలాలా బస్సు పొద్దున్నే. నేను ఆ రోజు సెలవు పెట్టాను. మూడేళ్ళలో నా కోసం పెట్టుకున్న మొదటి సెలవు. వ్యానులో వెనక సీట్లో ఆమె పక్కన కూర్చున్నాను. ఖాదర్ భాయి ఎప్పటిలాగే, "అకేలీ చలీ" అని మొదలుపెట్టి, అద్దంలో మా మొహాలు చూసి ఆపేశాడు.

బస్సు దగ్గర దిగేముందు చెప్పాను, నేనే చెప్పాను అందరికీ అని.

"తెలుసు" అంది.

"ప్రార్థన కోసమే అకెల్లో. మంచికే అనుకున్నాను."

"నా కోసం ప్రార్థన చేయొద్దని ఎప్పుడన్నాను సిస్టర్? పక్కన కూర్చోమన్నాను."

మళ్ళీ ఆమే అడిగింది, ఆ జాబితాలో నా పేరు ఏమని రాశావు అని. చెప్పాను. అకేలీ.

ఆమె నవ్వలేదు. చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "మా వాళ్ళలో కవలల్లో ముందు పుట్టిన పిల్ల అపియో. రెండోది అచెన్. వాళ్ళ తర్వాత పుట్టిన పిల్లకు అకెల్లో అని పెడతారు. మా ఊళ్ళో నా పేరు చెప్పగానే, నీ ముందువాళ్ళిద్దరూ బాగున్నారా అని అడుగుతారు. అపియో చిన్నప్పుడే పోయింది. అచెన్ మార్చిలో. ఇక్కడ రెండేళ్ళున్నాను. ఆ మాట అడిగినవాళ్ళు లేరు."

ముందు సీట్లో ఖాదర్ భాయి స్టీరింగు మీంచి చేతులు తీసేశాడు. దిగి వచ్చి ఆమె పెట్టె తనే పట్టుకున్నాడు. "మాఫ్ కరో బెహన్" అన్నాడు, తల ఎత్తకుండా. ఆయన అన్న మాట నేను అనవలసింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె సరే అనేది, అలా అనడం ఆమెకు అలవాటు. ఆమె మీద ఇంకో బరువు పెట్టినట్టయ్యేది.

ఆగస్టు చివర సూసన్ అక్క తిరిగొచ్చింది. రిజిస్టరు తిరగేసి, "నా గుర్తులన్నీ చెరిపేశావేంటే?" అంది.

"అడిగి రాద్దాం అక్కా" అన్నాను.

అక్క చాలాసేపు ఆ పేజీ చూసింది. "నేను మంచనుకునే చేశాను అబీ" అంది. నేనూ అంతే అన్నాను.

ఆ శనివారం కూటంలో సాక్ష్యాల వేళ లేచి నిలబడి జరిగింది చెప్పాను. మాటిచ్చి తప్పాను, అబద్ధమాడి ఇక్కడికి వచ్చాను, మనం ప్రార్థిస్తున్నప్పుడు ఆమె మెట్ల దగ్గర నిలబడి ఉంది అని. మణికుమారి ఆంటీ కళ్ళు తుడుచుకుని, "మనం చేసింది ప్రార్థనేగా తల్లీ" అంది. మనవుల పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టేశాను. వెంటనే ఇంకొకరు పెన్ను తీసుకుని చివర ఒక నంబరు వేసి రాశారు. సహోదరి అబిగైల్ మనశ్శాంతి కొరకు. ఇంటికి చేరేలోపే నలభై ఆరుగురికీ వెళ్ళింది. మరుసటి వారం ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, నిద్ర పడుతోందా అమ్మా అని అందరి మధ్యా అడిగింది. కేకు ముక్క కొంచెం పెద్దది కోసి పెట్టారు. అప్పుడు తెలిసింది నాకు, ఆ జాబితాలో ఉండడం ఎలా ఉంటుందో. ఆమె భరించినదాంట్లో ఇది పదో వంతు కూడా కాదు.

అకెల్లోకి వారానికొకసారి ఫోన్ చేస్తాను. మొదట్లో ఎత్తేది కాదు. సెప్టెంబరులో ఎత్తింది. ఆ డాక్టరమ్మతో ఫోన్‌లోనే మాట్లాడుతోందట. రైసూత్‌లో పని తేలికే కానీ, మాట్లాడే మనిషి లేదంది. కొన్ని రోజులు బాగుంటోంది, కొన్ని రోజులు కుళాయి తిప్పాల్సి వస్తోంది. ఆగిపోయిన లీవు డిసెంబరుకి ఇచ్చారు, ఈసారి జరపలేదు. నేను ఆ రోజు మొదటిసారి అడిగాను, అపియో ఎలా ఉండేది అని. చాలాసేపు చెప్పింది. చెట్టెక్కితే దిగడం చాతకాక పైనుంచి పాటలు పాడేదట.

ఇది రాయనా అని అడిగాను. వారం ఆలోచించుకుంది. రాయి, కానీ నన్ను గట్టి మనిషి అని రాయకు, నా పేరు సరిగా రాయి, నా ముందువాళ్ళ పేర్లు కూడా రాయి అంది. రాసిందంతా ఇంగ్లీషులో చదివి వినిపించాను. నీళ్ళు వృథా అవుతున్నాయి అన్న చోట నవ్వింది. తీసేయనా అంటే, ఉంచు అంది.

డ్యూటీ పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ టిక్కు కొట్టేయలేదు.

చదివిన మీకు ఒక్క విన్నపం. ఆమెను మీ మనవుల జాబితాలో చేర్చకండి, ఆమె అడగలేదు. ముందు అపియో, తర్వాత అచెన్, వాళ్ళిద్దరి వెనక అకెల్లో. దయచేసి ఆ వరసలో జ్ఞాపకం పెట్టుకోండి.